పెట్టె పోయినా చెదరని కట్ట

నాలుగు హార్డ్ డిస్కుల పెట్టె ఒకటి ఓ రాత్రి మా ఫొటో స్టూడియోలో ఆగిపోయింది. పదకొండేళ్ల పెళ్లి ఫొటోలు అందులోనే ఉన్నాయి. పోయింది పెట్టె మాత్రమే. డిస్కులు బయటికి తీస్తూ ఒక్కోదాని మీద ప్లాస్టర్ ముక్క అంటించి 1, 2, 3, 4 అని రాసుకున్నాను.

డిస్కుల్ని ఒక యంత్రంలోంచి తీసి మరోదానిలో పెట్టుకునే వీలు 1962లో ఐబీఎం 1311తో వచ్చింది. ఆరు పళ్లేల కట్ట, దాదాపు నాలుగున్నర కిలోల బరువు, పట్టేది 20 లక్షల అక్షరాలు. పిడి పట్టుకుని పైకెత్తి, అదే రకం మరో డ్రైవులో దించేవారు. సమాచారమంతా ఆ ఒక్క కట్టలోనే కాబట్టి చింత లేదు.

చిక్కు తర్వాత వచ్చింది. ఖరీదైన పెద్ద డిస్కు బదులు చవక డిస్కులు కొన్ని కలిపి వాడొచ్చని, ఒకటి పోయినా మిగిలినవాటి లెక్క నుంచి దాన్ని తిరిగి కట్టుకోవచ్చని 1988లో బర్క్లీ నుంచి డేవిడ్ పాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ చెప్పారు. అదే రెయిడ్. అప్పటి నుంచి ఒక ఫొటో ఒకే డిస్కులో ఉండాలని లేదు, ముక్కలై అన్నింటి మీదా పరుచుకుంటుంది. ఏ ముక్క తర్వాత ఏది, పోయినదాన్ని తిరిగి కట్టే పారిటీ ఎక్కడ అన్న లెక్కను డిస్కుల్ని నడిపే పాత కంట్రోలర్ కార్డులు కొన్ని తమ చిప్‌లోనే దాచుకునేవి. కార్డు కాలిపోతే, డిస్కుల్లో ఒక్క అక్షరం చెడకపోయినా చదవడం గగనమయ్యేది.

మన తాళపత్రాలు రాసినవాళ్లకు ఈ బెడద తెలుసు. దారం తెగితే ఆకులు చెల్లాచెదురవుతాయి, అందుకే ఆకు ఆకుకూ అంకె వేశారు. డిస్కులకూ అదే దారి అయింది. లినక్స్ రెయిడ్‌లో ప్రతి డిస్కు మీదా సూపర్‌బ్లాక్ అని కాస్త చోటు ఉంటుంది. నేను ఏ కట్టకు చెందినదాన్ని, అందులో ఎన్నోదాన్ని, ముక్క సైజు ఎంత అన్నవన్నీ డిస్కు అక్కడే చెబుతుంది. నాకు ఎంతో నచ్చేది అందులోని మరో అంకె. కట్టలో మార్పులు జరిగేకొద్దీ అది పెరుగుతూ పోతుంది. ఏ డిస్కులో అది తక్కువ ఉందో, ఆ డిస్కు మధ్యలో తప్పిపోయిందని అర్థం.

2005లో సన్ మైక్రోసిస్టమ్స్ విడుదల చేసిన జెడ్‌ఎఫ్‌ఎస్ ఇంకా ముందుకెళ్లి, ఇలాంటి వివరాన్ని ప్రతి డిస్కు మీదా నాలుగుచోట్ల రాసింది: మొదట్లో రెండు, చివర్లో రెండు. పాత యంత్రంలో ఎక్స్‌పోర్ట్, కొత్తదానిలో ఇంపోర్ట్. స్పార్క్ ప్రాసెసర్ దగ్గర రాసిన డిస్కుల్ని ఇంటెల్ యంత్రమూ చదివేస్తుంది.

మా పెట్టెలో ఉన్నదీ లినక్సే. అదే కంపెనీ కొత్త పెట్టె తెచ్చి, అంకెల వరసలోనే డిస్కులు దూర్చాను. పాతవి తరలించాలా, కొత్తగా మొదలుపెట్టాలా అని స్క్రీన్ అడిగింది. రెండోది నొక్కితే పదకొండేళ్లూ తుడిచిపెట్టుకుపోతాయి. మూడుసార్లు చదివి మొదటిది నొక్కాను. మూడో డిస్కు లెక్క వెనకబడి ఉంది, మిగతా మూడూ కలిసి తెల్లారేసరికి దాన్ని నింపేశాయి. పొద్దున్నే ఒక పెద్దాయన వచ్చి కూతురి పెళ్లి ఆల్బం ఇంకో కాపీ కావాలన్నారు. తలంబ్రాల ఫొటోలతో మొదలుపెట్టి ప్రింట్ వేసిచ్చాను.