రామానుజన్ పట్టికలో జారిపోయిన సంఖ్య

1915లో శ్రీనివాస రామానుజన్ లండన్ గణిత సంఘం పత్రికలో ఒక పట్టిక అచ్చువేశారు. వందకు పైగా సంఖ్యలున్న ఆ పట్టికలో చివరిది 67,46,32,83,88,800. దాన్ని 23తో భాగిస్తే 2,93,31,86,25,600 వస్తుంది. ఇదీ పట్టికలో ఉండాల్సిందే. కానీ ఆయన చూపు దాటిపోయింది.

అవన్నీ అతిసంయుక్త సంఖ్యలు. తనకంటే చిన్న సంఖ్యల్లో దేనికీ లేనన్ని కారణాంకాలు ఉన్నవి. 12కు ఆరు కారణాంకాలు, 11 దాకా ఎంత వెతికినా అన్ని ఉన్నది దొరకదు. ఆపైన 24, 36, 48, 60, 120... ఇక జారిపోయిన ఆ పెద్ద సంఖ్యకు కారణాంకాలు సరిగ్గా 5040. ముచ్చటేమిటంటే, 5040 కూడా అతిసంయుక్త సంఖ్యే!

ఆ 5040 అంటే గ్రీకు తత్వవేత్త ప్లేటోకు ప్రాణం. చట్టాల గురించి రాసిన చివరి గ్రంథంలో, ఆదర్శ నగరంలో 5040 మంది గృహస్థులు ఉండాలంటాడు. భూమి పంచినా, సైన్యాన్ని విడదీసినా 12 దాకా ఏ సంఖ్యతోనైనా శేషం లేకుండా తెగుతుంది. మొండికేసేది 11 ఒక్కటే. దానికీ మందు చెప్పాడు: రెండు కుటుంబాలను పక్కన పెడితే సరి.

తరవాతి శతాబ్దాల్లో ఇలాంటి అతిసంయుక్త సంఖ్యలు మన పంచాంగంలో, బజారులో బతికాయి. రోజుకు 60 ఘడియలు, ప్రభవ నుంచి అక్షయ దాకా 60 సంవత్సరాలు, పాత తూకంలో వీసెకు 120 తులాలు. వీసెలో మూడో వంతు 40 తులాలు, ఎనిమిదో వంతు 15. కిలోలో మూడో వంతు అడిగితే 333 గ్రాముల దగ్గర ఆగి ఇంకా మిగులుతుంది. దశాంశాలతో లెక్క సులువైంది, పంపకం సుఖం పోయింది. అది చిన్న నష్టం కాదు.

మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా పనిచేసిన రామానుజన్ 1914 ఏప్రిల్‌లో ఇంగ్లండు చేరారు. నాలుగు నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీ ఆవరణలో గాయపడ్డ సైనికులకు మంచాలు వేశారు. అలాంటి రోజుల్లో ఆయన కోట్లు, లక్షల కోట్ల సంఖ్యలను చేత్తో విడగొట్టారు. జారిపోయిన సంఖ్యనే చూడండి: అందులో 2 ఆరుసార్లు, 3 నాలుగుసార్లు, 5, 7 రెండేసిసార్లు, 11, 13, 17, 19 ఒక్కొక్కసారి. ప్రధాన సంఖ్య పెద్దదయ్యేకొద్దీ ఘాతం పెరగదనీ, 4, 36 తప్ప మిగతా వాటిలో చివరి ప్రధాన సంఖ్య ఒక్కసారే వస్తుందనీ ఆయన నిరూపించారు. కాలేజీలో ఎఫ్.ఏ. పరీక్ష తప్పిన ఆ మనిషికి ఈ పరిశోధన మీదే 1916 మార్చిలో కేంబ్రిడ్జి బి.ఏ. పట్టా ఇచ్చింది.

అయితే ఆ పట్టిక ఉన్న వ్యాసం పూర్తిగా అచ్చు కాలేదు. గణిత సంఘానికి అప్పట్లో డబ్బు ఇబ్బంది. ఖర్చు తగ్గుతుందని రామానుజన్ కొంత భాగం తీసేశారు. 1920లో ఆయన పోయారు. తీసేసిన ఆ భాగం చేతిరాత 1988లో ఫొటో ప్రతిగానూ, 1997లో గణితవేత్తలు నికోలా, రోబాఁల వ్యాఖ్యలతో ‘రామానుజన్ జర్నల్’ మొదటి సంపుటంలోనూ వెలుగు చూసింది. కారణాంకాలు ఎన్ని అనే కాక, వాటి మొత్తం ఎంత అన్నదాన్ని బట్టి కూడా సంఖ్యలను వర్గీకరించిన పేజీలవి. ఆ సంగతి తెలియక గణితవేత్తలు అలావోగ్లు, ఎర్డోష్ 1944లో అలాంటి సంఖ్యలనే మళ్లీ మొదటినుంచి కనిపెట్టాల్సి వచ్చింది.