తండ్రి అప్పు - కొడుకు సంతకం

మా ఆలమూరు ప్రాంతంలో ఇంటిపెద్ద పెద్దదినం ముగిసిన కొద్దిరోజులకే అరుగుమీదికి ఒక పెద్దమనిషి వచ్చేవాడు. చేతిలో ప్రామిసరీ నోటు. "కాలదోషం పట్టకముందే తిరగరాయండి బాబూ" అనేవాడు. నోటుకు మూడేళ్ళ గడువు గదా! కొడుకు మారుమాటాడక వ్రాసి ఇచ్చేవాడు. మా తాతగారి నోటును నాన్నగారు అట్లు తిరగరాయగా నేను చూచినాను.

ఈ ఆచారానికి మూలం స్మృతులలో ఉన్నది. తండ్రి ఋణం తీర్చడం పుత్రధర్మం. తీరకుంటే తండ్రికి పరలోకంలో సద్గతి లేదని విశ్వాసం. ఆస్తి దక్కినదా లేదా అన్న ప్రశ్న అక్కడ లేదు. బృహస్పతి లెక్క మరీ సూక్ష్మం: తండ్రి బాకీ వడ్డీతో సహా, తాత బాకీ అసలు మాత్రమే, ముత్తాతది ఆస్తి చిక్కితేనే.

అయితే స్మృతికారులు గుడ్డివారు కారు. మద్యం, కామం, జూదం కోసం చేసిన అప్పునూ, కట్టని జరిమానాలనూ సుంకాలనూ, వ్యర్థదానాలనూ కొడుకు తీర్చనక్కరలేదని యాజ్ఞవల్క్యుడు చెప్పినాడు. మగని అప్పు భార్య తీర్చనక్కరలేదు, కుటుంబం కోసం చేసినదైతే తప్ప. భార్య అప్పు మగనికి సాధారణంగా అంటదు; కాని గొల్లలు, కల్లమ్మేవారు, నటులు, చాకలివారు, వేటగాళ్ళ విషయంలో అంటుతుంది. వారి జీవనం భార్యల పనిమీదే ఆధారపడి ఉంటుందట! ఆ కాలపు స్త్రీల శ్రమకు ఇంతకంటె గట్టి సాక్ష్యం అరుదు.

యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన వ్యాఖ్యయే మితాక్షర. దానిని పదమూడవ శతాబ్దంలో, తిక్కనగారి కాలంలోనే, కేతన "విజ్ఞానేశ్వరీయము"గా తెలుగు పద్యాలలోనికి తెచ్చినాడు. వ్యవహారశాస్త్రం మనవారికి తెలుగులో అందడం అంత పాతమాట. విద్యార్థులకు మాత్రం మనం "దశకుమార చరిత్రము"తోనే సరిపెట్టినాము.

ఆంగ్లేయుల న్యాయస్థానాలు ఈ ధర్మాన్ని ఆస్తికి ముడివేసినవి. 1874లో గిర్ధారీలాల్ కేసులో ప్రీవీ కౌన్సిల్, తండ్రి బ్రతికి ఉండగానే, ఆయన బాకీకై అమ్ముడైన పిత్రార్జితాన్ని కొడుకులు తిరిగి కోరలేరన్నది. తప్పించుకోదలచినవాడు అప్పు అవినీతికై చేసినదని నిరూపించాలి. కన్నతండ్రి జూదరి అని కోర్టుబోనులో నిలబడి చెప్పడం ఎంతమందికి సాధ్యం?

ఆంధ్రప్రదేశ్ 1986 సవరణ కూతుళ్ళకు పిత్రార్జితంలో వాటా ఇస్తూ, దానితోబాటు కొడుకుకున్న బాధ్యతలనూ అంటగట్టినది. తరువాత 2005 సెప్టెంబరు 9 నుండి కేంద్ర చట్టం ఆ తేదీ తరువాతి అప్పులకు, కేవలం పుత్రధర్మం పేరిట కొడుకులు, మనుమలు, మునిమనుమల మీద దావా చెల్లదన్నది. పోయినవారి బాకీకి వారసులు తమకు దక్కిన ఆస్తి మేరకే జవాబుదారులు.

కాని అరుగుమీద తిరగరాసిన నోటు సంగతి వేరు. దానిమీద ఉన్నది తండ్రి సంతకం కాదు. అది కొడుకు బాకీగానే కోర్టుకెక్కుతుంది.

నాన్నగారు ఆ నోటుకు చెల్లు వ్రాయించుకొనేసరికి పదకొండేళ్ళు పట్టినది. మధ్యలో రెండుసార్లు కంతులు కట్టడానికి నన్నే పంపినారు. బృహస్పతి మనుమడికి మినహాయించిన వడ్డీని ఆ పెద్దమనిషి మినహాయించలేదు.