మత్తు డాక్టర్ చేతులూ శుభ్రంగా ఉండాల్సిందే.. ఆపరేషన్ థియేటర్‌లో గ్లౌజులు ఒక్కటే చాలవు!

హనుమకొండ: ఆపరేషన్ అనగానే అందరి దృష్టీ సర్జన్ చేతుల మీదే ఉంటుంది. ఆయన మోచేతుల దాకా కడుక్కుని, స్టెరైల్ గ్లౌజులు వేసుకున్నాకే కత్తి పట్టుకుంటారు. కానీ పేషెంట్ తల దగ్గర నిలబడే మత్తు డాక్టర్ చేతులు క్షణం ఖాళీగా ఉండవు. గొంతులో గొట్టం వేయాలి, సెలైన్ లైన్‌లోకి మందు ఎక్కించాలి, మిషన్ సరిచేయాలి, మందుల ట్రాలీ సొరుగు తీయాలి. ఇవన్నీ నిమిషాల వ్యవధిలోనే!

ముప్పు ఎక్కడంటే..
గొట్టం వేసేటప్పుడు గ్లౌజులకు లాలాజలం అంటుతుంది. వాటితోనే మిషన్, ట్రాలీ ముట్టుకుంటే క్రిములు అక్కడికి చేరతాయి. అక్కడి నుంచి సిరంజి పెట్టే చోటికి పాకితే నేరుగా రక్తంలోకే దారి. మిషన్‌ను సరిగ్గా తుడవకపోతే తర్వాతి పేషెంట్‌కూ ప్రమాదమే.

అందుకే అమెరికాలోని ఆసుపత్రి ఇన్ఫెక్షన్ల నిపుణుల సంఘం ‘షియా’ 2018లో మత్తు విభాగానికి ప్రత్యేక సూచనలు ఇచ్చింది. గ్లౌజులు తీసిన వెంటనే, ట్రాలీలో చేయి పెట్టే ముందు, థియేటర్‌లోకి వచ్చేటప్పుడు, వెళ్లేటప్పుడు చేతులు శుభ్రం చేసుకోవాలి. గొట్టం వేసేటప్పుడు రెండు జతల గ్లౌజులు వేసుకుని, పని అవగానే పైజత తీసేయడం మంచిదని చెప్పింది.

ఎంతసేపు రుద్దాలి?
ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్లతో మొత్తం 40 నుంచి 60 సెకన్లు. చేతులకు రక్తం, మురికి కనిపిస్తే మాత్రం సబ్బు నీళ్లే వాడాలి.

1847లోనే తేలింది
వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో డాక్టర్ సెమ్మెల్‌వైస్ 1847లో క్లోరిన్ నీళ్లతో చేతులు కడగడం తప్పనిసరి చేశారు. అంతకుముందు ఏప్రిల్‌లో ఆ వార్డులో బాలింతల మరణాలు సుమారు 18 శాతం. జూన్ నాటికి దాదాపు 2 శాతానికి పడిపోయాయి.

వరంగల్ ఎంజీఎం అయినా, హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి అయినా, ప్రైవేటు నర్సింగ్ హోం అయినా రూల్ ఒక్కటే. సిజేరియన్‌కు వెన్నులో మత్తు ఇచ్చేటప్పుడు అయితే సర్జన్‌లాగే పూర్తి జాగ్రత్త పాటించాలి.

బంధువులు ఏం చేయాలి?
వార్డులో పేషెంట్‌ను ముట్టుకునే ముందు, తర్వాత మీరూ చేతులు కడుక్కోండి. సెలైన్ పైపు కదపొద్దు. ‘చేతులు కడుక్కున్నారా సార్?’ అని సిబ్బందిని అడగడానికి మొహమాటపడొద్దు. అది పేషెంట్ ప్రాణానికి సంబంధించిన ప్రశ్న.