సెందూకి, సందూఖ్, సందూకం

గ్రీస్‌లోని లెస్బోస్ దీవిలో, గేరా అఖాతం ఒడ్డున స్కాలా లూత్రోన్ అనే చిన్న బెస్త ఊరుంది. స్కాలా అంటే రేవు. 1922లో ఆసియా మైనర్ నుంచి, అంటే ఇవాళ్టి టర్కీ నేల నుంచి, ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన ముహాజిర్లు ఇక్కడ స్థిరపడ్డారు. ముహాజిర్ అన్న మాట మనం మనవాళ్లకే వాడుకుంటాం. వీళ్లు ఈసాయీలు. అయినా వీళ్లకు ఇంతకంటే తగిన మాట నాకు దొరకలేదు.

వాళ్ల వారసులు ఊళ్లో చిన్న మ్యూజియం పెట్టుకున్నారు. రాజుల తల్వార్లు, తాజ్‌లు ఉండవు. ఇంటి బట్టలు, కుట్టుపని, ఫోటోలు, కాగితాలు ఉంటాయి. పారిపోయేవాడు ఏం మోయగలడో అవే. అక్కడున్న పెద్దావిడ ఒక చెక్కపెట్టె చూపించి "సెందూకి" అన్నారు. నాకు తర్జుమా అక్కర్లేకపోయింది. మా దాదీ "సందూఖ్" అనేది, మా పక్కింటి అవ్వ "సందూకం" అనేది. అరబీలో పుట్టి, టర్కీ మీదుగా గ్రీకులోకి, ఫార్సీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చిన మాట. గ్రీకుల 'త్సేపి' మన జేబు. వాళ్ల 'హబారి' మన ఖబర్, తెలుగు కబురు. వాళ్ల 'పజారి' మన బజారు.

ఇన్ని మాటలు పంచుకున్న జనం ఎలా విడిపోయారు?

లెస్బోస్‌ను ఉస్మానీ తుర్కులు 1462లో జయించారు. మిదిల్లి అని పిలిచారు. ఖైరుద్దీన్ బార్బరోసా పుట్టింది ఈ దీవిలోనే. నాలుగున్నర శతాబ్దాల తర్వాత, 1912లో, దీవి గ్రీసు చేతికి వెళ్లింది. 1919లో గ్రీకు ఫౌజు స్మిర్నాలో, అంటే నేటి ఇజ్మీర్‌లో, దిగింది. మూడేళ్ల జంగ్ తర్వాత 1922 సెప్టెంబరులో ముస్తఫా కమాల్ సేనలు నగరాన్ని తిరిగి తీసుకున్నాయి. ఆ రోజుల్లోనే నగరం తగలబడింది. రేవు మీద లక్షల మంది పడవల కోసం ఎదురుచూశారు.

ఇక్కడ మన ఇంటి మాట ఒకటి ఒప్పుకోవాలి. ఖిలాఫత్ ఉద్యమ కాలంలో హిందూస్తాన్ ముస్లింలు తుర్కుల కోసం చందాలు పోగుచేశారు, ఆ గెలుపుకు సంబరం చేసుకున్నారు. మనం ఫతే అన్నదాన్ని గ్రీకులు 'కటాస్త్రోఫీ' అంటారు, అంటే తబాహీ. మ్యూజియం గోడ మీద ఫోటోల్లోని ఆడవాళ్ల కళ్లు చూశాక ఆ సంబరం గొంతులో అడ్డుపడింది.

అయితే తబాహీ ఒకవైపే జరగలేదు. 1923 జనవరి 30న లౌసాన్‌లో రెండు హుకూమతులు ఒక ఒప్పందం చేసుకున్నాయి. టర్కీలోని ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసుకు, గ్రీసులోని ముస్లింలు టర్కీకి వెళ్లిపోవాలి. ఎవరి మర్జీతోనూ పనిలేదు. ఇస్తాంబుల్ గ్రీకులకు, పశ్చిమ థ్రేస్ ముస్లింలకు మాత్రం మినహాయింపు. అంతకుముందే పారిపోయినవాళ్లను కలుపుకుంటే సుమారు 12 లక్షల క్రైస్తవులు ఇటు, 4 లక్షలకు కాస్త తక్కువగా ముస్లింలు అటు వెళ్లారు. లెస్బోస్ ముస్లింలు కూడా సందూఖులు సర్దుకున్నారు. మితిలిని పట్టణంలో వాళ్ల యెనీ జామీ ఇంకా ఉంది. అజాన్ లేదు, సఫ్‌లు లేవు.

వాళ్లను విడదీసింది జబాన్ కాదు, మజ్‌హబ్. క్రీట్ దీవి ముస్లింలకు గ్రీకే మాతృభాష. టర్కీ చేరాక అక్కడి పొరుగువాళ్ల మాట వాళ్లకు అర్థం కాలేదు. అనతోలియా లోపలి కరమాన్లీ క్రైస్తవులు ఇంట్లో తుర్కీ మాట్లాడేవాళ్లు, దాన్ని గ్రీకు లిపిలో రాసుకునేవాళ్లు. 'సొంత దేశం' చేరాక వాళ్లను తుర్కులన్నారు. ఏ తరాజూలోనూ సరిగ్గా తూగని మనుషులు.

తుర్కీని గ్రీకు అక్షరాల్లో రాసుకోవడం అన్నది వినగానే నాకు మన ఇళ్లే గుర్తొచ్చాయి. ఉర్దూ మాట్లాడుతూ, శాదీ రుఖాలోని దావత్ మాటల్ని తెలుగు లిపిలో అచ్చు వేయించే మనం కొత్తవాళ్లమేమీ కాదు.

మా దాదీ సందూఖ్‌లో ఆమె తమ్ముడు కరాచీ నుంచి రాసిన ఖత్‌లు ఉన్నాయి. 1948 తర్వాత వెళ్లిపోయినవాడు. షికస్తా రాత. ఉర్దూ మీడియంలో చదివాను కాబట్టి నేను కూడబలుక్కుని చదవగలను. నా పిల్లలకు అవి గీతలు మాత్రమే. మరో ఇరవై ఏళ్లకు ఎవరో రద్దీలో వేసేస్తారు.

వచ్చేముందు ఆ పెద్దావిడను అడిగాను, ఇవన్నీ ఎలా పోగయ్యాయని. ఇంటింటికీ వెళ్లి అడిగామన్నారు. ఇవ్వడానికి మనసొప్పని వాళ్లు ఎక్కువే, కానీ కథ చెప్పడానికి మాత్రం అందరూ ఒప్పుకున్నారట.

ఇంటికొచ్చాక మొదటి ఖత్ తీశాను. నేను పైకి చదువుతుంటే మా అమ్మాయి తెలుగు అక్షరాల్లో రాసుకుంటోంది. రెండో లైన్లోనే ఆగి అడిగింది: "అబ్బా, 'వతన్' అని రాశారు. ఏ ఊరి గురించి?"

కరాచీ నుంచి రాస్తూ ఆయన వతన్ అన్నది మా ఊరినే.