ఏ కాలపు నాణెములు కూర్పవలెను?



పాతనాణెములు ప్రోగుచేయు వేడుక మన పల్లెలలో కొందఱికి కలదు. దొరికినదెల్ల డబ్బాలో వేసికొనువాని కూర్పు ధాన్యమును తాలును కలిసిన రాశివంటిది. చూచుటకు పెద్దది, కొలుచుటకు పనికిరాదు. రెండువేల యేండ్లకు పైఁబడిన నాణెముల చరిత్ర గల దేశము మనది. అంతటిని ఒక్కఁడు కూర్పఁజాలఁడు గనుక ఏదో యొక కాలమును ఏఱుకొనక తప్పదు.

ఏఱుకొనుటలో జనులు సాధారణముగా బంగారమును జూచి మురియుదురు. విజయనగరపు వరహా మీఁదికే మొదట చేయి పోవును. కృష్ణదేవరాయల వరహాపై కూర్చున్న బాలకృష్ణుని జూచి ముచ్చటపడని వారుందురా? కాని యా రాయలను గూర్చి శాసనములు కలవు, కావ్యములు కలవు, పోర్చుగీసువారు వ్రాసిపోయిన వృత్తాంతములు కలవు. ఒక వరహా మన పెట్టెలోనికి రాకున్నను రాయల చరిత్రకు లోటు రాదు. పైగా వెల హెచ్చు గనుక కూటనాణెముల బెడదయు దానికే హెచ్చు. నా తలంపు వేఱు. ఏ కాలమును గూర్చి నాణెము తప్ప పలికెడి సాక్షి దాదాపుగా లేదో, ఆ కాలమే మొదట ఏఱుకొనఁదగినది. మన తెలుఁగునేలకు అట్టి కాలము సాతవాహనులది, వారికి కొంచెము ముందటిది.

మన పురాణములలో ఆంధ్రరాజుల పట్టిక కలదు. అందు మొదటి రాజు పేరు మత్స్యపురాణమున శిశుకుఁడు, విష్ణుపురాణమున శిప్రకుఁడు, వాయుపురాణమున సింధుకుఁడు. వ్రాయసగాండ్ర చేతులలో ఒక్క పేరు మూఁడు పేర్లయినది. పడమటి కనుమలలోని నానేఘాట్ గుహయందు సిముక అని చెక్కఁబడియున్నది. ఇట్లుండఁగా గోదావరి యొడ్డున కోటిలింగాల యను గ్రామపు పాటిమీఁద నాణెములు దొరకినవి. వానిపై బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో, ‘రఞో సిరి ఛిముక సాతవాహనస’ అని యున్నది. శ్రీ ఛిముక సాతవాహనరాజుది అని యర్థము. తాటాకు మీఁద పేరు మాఱవచ్చును గాని సీసము మీఁద ఒక్కసారి ముద్రపడిన యక్షరము మాఱదు.

అంతతో పోలేదు. ఆ కోటిలింగాలలోనే గోభద, నారణ, కంవాయసిరి, సిరివాయ, సమగోప అను పేళ్లు గల నాణెములును దొరకినవి. ఈ పేళ్లు పురాణములలోని యాంధ్రరాజుల పట్టికలో లేవు. తమ పేర నాణెము వేయించుకొన్న ప్రభువులు వీరు. ఆ చిన్నబిళ్లలు దొరకకున్నచో వీరు పుట్టిరని కూడ మనకు తెలిసెడిది కాదు. పురాణము చదివి పెరిగినవాఁడ నగుటచే నాకిది మఱింత వింతగా తోఁచును.

సాతవాహనుల నాణెములలో పెక్కు సీసముతోను, రాగి మొదలగువానిని కలిపిన పోటిన్ అను మిశ్రలోహముతోను చేయఁబడినవి. వెండివి కొలఁది. అక్కసాలె వీనిని త్రాసులో కూడ వేయఁడు. కొనువానికి అది మేలు, చరిత్రకు కీడు. బంగారపుకాసు దొరకినచో ఎవరైనను దాఁచుకొందురు. నల్లని సీసపుబిళ్ల దొరకినచో కరఁగించి గుండు చేయుదురు. ఒక రాజు పేరు ఆ మూసలో కరఁగిపోయినను అడుగువారుండరు.

ఇక దొరకిన చోటును గూర్చి చెప్పవలసియున్నది. 1906లో నాసిక దగ్గఱ జోగళ్‌టెంభి యను ఊర నొక నిక్షేపము బయటపడెను. 13,000కు పైగా వెండినాణెములు. అన్నియు క్షహరాతవంశపు నహపానునివి. వానిలో 9,000కు మించినవానిపై మన గౌతమీపుత్ర శాతకర్ణి తన చైత్యముద్రను, ఉజ్జయినీ చిహ్నమును మరల కొట్టించినాఁడు. ఓడినవాని ముఖము క్రింద కనఁబడుచునే యుండును, గెలిచినవాని ముద్ర దానిమీఁద నుండును! క్షహరాతులను నిర్మూలించెనని నాసికశాసనము గౌతమీపుత్రుని పొగడుచున్నది. అది యుత్త పొగడ్త కాదని యీ వెండి చెప్పుచున్నది. అయితే చూడుఁడు: ఆ కుండను దొరకినవారు పదిమంది పంచుకొని తలా యొక దిక్కునకు పోయియుండినచో, మూఁడింట రెండుపాళ్లకు పైగా మరుముద్ర పడినదను సంగతి తెలిసెడిది కాదు. విడివిడిగా చూచిన పదమూఁడువేల బిళ్లలు పదమూఁడువేల వింతలు మాత్రమే. మన పెద్దబంకూరులో కూడ సాతవాహన నాణెములు కుండతోనే వేలకొలఁదిగా దొరకినవి.

ఆ తరువాతి కాలములకు వచ్చినచో, తూర్పు చాళుక్యుల బంగారపు వరాహముద్రలు అరకాను తీరమునను సయాము దేశమునను దొరకినవి గాని మన పొలములలో వెదకి లాభము లేదు. బ్రాహ్మీలిపి కూడఁబలుకుకొను నోపిక లేనివారికి ఒక యుపాయము చెప్పెదను. కంపెనీవారి కాలము పట్టుకొనుఁడు. మన మిప్పటికిని ధనమునకెల్ల డబ్బు అనుచున్నాము గదా, అది యొక రాగికాసు పేరు. ఉత్తరసర్కారుల కొఱకు ఇంగ్లండులో కొట్టి పంపిన 1794, 1797 నాఁటి రాగికాసులపై రూపాయికి 48 అను లెక్క ఇంగ్లీషులో నుండును. 1808 ప్రాంతమున చెన్నపట్టణపు టంకసాలలో వేసిన వెండి పావువరహాపై గోపురము, విష్ణుమూర్తి, తెలుఁగక్షరములు కూడ కలవు. మన పెద్దలు అన్యుల పాలనలో లెక్కలెట్లు చూచుకొనిరో తెలిసికొనుటకు ఇవి చాలును. వెలయు కొలఁదియే.

సీసపు నాణెమును చింతపండుతో తోమరాదు. ఇత్తడిచెంబునకు చెల్లిన వైద్యము దీనికి చెల్లదు. పులుపు సీసమును తినివేయును, అక్షరము పోవును. కాగితపు పొట్లములో నుంచి, దొరకిన యూరు, తేది పైన వ్రాయవలెను. కొనఁదలఁచినచో లైసెన్సు గల వర్తకునియొద్దనే కొనవలెను. నూఱేండ్లు దాఁటిన నాణెమును దేశము దాఁటింపరాదని 1972 నాఁటి చట్టము. భూమిలో దాఁగియుండి దొరకిన సొత్తు 10 రూపాయల విలువ మించినచో కలెక్టరుగారికి తెలుపవలెనని 1878 నాఁటి చట్టము. అట్లు తెలుపఁబోవునప్పుడు కుండపెంకులను పాఱవేయక నాణెములతోపాటు మూటగట్టి తీసికొనిపొండు. ఆ పెంకును బట్టియు నిక్షేపము పూడ్చిన కాలము నెఱిఁగినవారు చెప్పఁగలరు.