రోహ్నా: మద్రాసు రేవు నుంచి మధ్యధరా సముద్రం దాకా

ఇంగ్లండ్‌లోని హెబ్బర్న్‌లో 1926లో నిర్మితమైన ‘రోహ్నా’ బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడ. దక్షిణ భారత కూలీలు, వ్యాపారులు మలయాకు వెళ్లే మద్రాసు–నాగపట్నం–సింగపూర్ మార్గంలో, జంట ఓడ ‘రాజులా’తో పాటు నడిచింది. రాజులా 1970ల దాకా తిరిగింది. రోహ్నాకు ఆ ఆయుష్షు దక్కలేదు.

1940లో బ్రిటిష్ ప్రభుత్వం దీనిని సైనిక రవాణాకు తీసుకుంది. 1943 నవంబరు 25న ఆల్జీరియాలోని ఒరాన్‌లో అమెరికన్ సైనికులను ఎక్కించుకుని కేఎంఎఫ్-26 నౌకాశ్రేణిలో చేరింది. వారి గమ్యం భారతదేశం. మర్నాటి సాయంత్రం జర్మన్ హైంకెల్ విమానం ప్రయోగించిన రేడియో నియంత్రిత హెన్షెల్ బాంబు ఓడను ఛేదించింది. 1,138 మంది మరణించారు. వారిలో 1,015 మంది అమెరికన్లు. మిగిలినవారిలో అత్యధికులు భారతీయ నావికులే అయినా, కథనాలలో వీరి ప్రస్తావన తరచు ఒక్క వాక్యంతో ముగుస్తుంది. ‘యూఎస్ఎస్ పయొనీర్’ 606 మందిని రక్షించింది. కొత్త ఆయుధం ఎంత ఫలించిందో శత్రువుకు తెలియరాదని వార్తను తొక్కిపట్టారు. పూర్తి వివరాలు దశాబ్దాల తర్వాతే వెలువడ్డాయి.

అత్యధికంగా నష్టపోయింది విమానాశ్రయాలు నిర్మించే 853వ ఇంజనీర్ ఏవియేషన్ బెటాలియన్. భారత్‌లో అప్పుడు ఆ పనే అత్యవసరం. జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్‌కు ఆగ్నేయంగా ఉన్న చకులియాలో 1944లో బీ-29 బాంబర్లు దిగాయి.