గమ్మతు రసికుల పూర్వచరిత్ర

రాయపూరునుండి దుర్గునకు పోవు రైలు ఖారూన్ నదిని దాటిన పిమ్మట కుమ్హారి వచ్చును. ఆవల చరోదా, ఆ పిమ్మట భిలాయి. ఈ దారిలో రైలుపెట్టె యెక్కినవానికి తెలుగుమాట చెవిని బడకుండుట యరుదు. 1931లో విజయనగరము రాయపూరు రైలుమార్గము పూర్తియై ఉత్తరాంధ్రులకు ఛత్తీస్‌గఢ్ పొరుగూరైనది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ రష్యాతో నొడంబడిక కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు భిలాయి ఉక్కు కర్మాగారపు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన పిదప, ఆ పొరుగూరే పొట్టకూటి యూరును, పిల్లలకు పుట్టినూరును నయ్యెను.

ఆ వలసవారి మనుమలు నేడు ఈటీవీలో ‘జబర్దస్త్’ చూచుచున్నారు. 2013 ఫిబ్రవరి 7న మొదలైన యా హాస్యకార్యక్రమమును నాటినుండియు నంటిపెట్టుకొనియున్న ప్రేక్షకుని, అనగా టీములీడరు నోరు విప్పకమునుపే వాని నడకనుబట్టి రాబోవు పంచ్‌ను పసిగట్టగలవానిని, టెలివిజను కన్న బిడ్డ యని సామాన్యముగా తలంతురు. ఆ తలంపు సరికాదు. ఆ జాతి రసికుడు ఈ నేలమీద టెలివిజనుకంటె చాల పాతవాడు; వానిని పెంచినది ఛత్తీస్‌గఢీ జానపదనాటకమగు నాచా.

నాచాకు ఎత్తైన రంగస్థలము లేదు. ఊరినడుమ గుంజలు పాతి, పైన చాందినీ కట్టి, ఒక ప్రక్క వాద్యగాండ్రు చేరగా తక్కిన ప్రక్కల జనము నేలమీద కూర్చుండిన చోటే రంగము. పూర్వము వాద్యగాండ్రు తబలాను నడుమునకు కట్టుకొని, చికారా వాయించుచు, కాగడాల వెలుతురున నటుల వెంట నిలుచుండియే రాత్రియెల్ల గడపెడివారు. దానికి ఖడీసాజ్ అని పేరు. రాజనందగావ్ చేరువనున్న రవేలీ గ్రామపు భూస్వామి, మందరాజీ యని ప్రసిద్ధుడైన దావు దులార్‌సింగ్, 1920ల చివర మేళము కట్టి, హార్మోనియమును తెచ్చి, వాద్యగాండ్రను కూర్చుండబెట్టెను. కళకై యాస్తిని కరగించుకొనిన యా మనిషి పేర నేడు రాష్ట్రప్రభుత్వము పురస్కార మిచ్చుచున్నది.

పాటకును పాటకును నడుమ వచ్చు హాస్యఖండమే గమ్మతు. ఇద్దరు జోకర్లు, స్త్రీవేషము ధరించిన పురుషుడు పరి. వ్రాతప్రతి లేదు. కథ యిది యని ముందుగా ననుకొని, మాట నప్పటికప్పుడు పుట్టించుదురు. ప్రేక్షకులలో నెవడైన నోటు పైకెత్తి చూపెనా, పరి ఆడుచునే జనమును తప్పించుకొనివచ్చి దానిని గైకొని, ఇచ్చినవాని పేరు నలుగురు వినునట్లు పలికి మరల నాటలోనికి పోవును; ఆట యాగినట్లును గాదు, సాగినట్లును గాదు, ఎవరికిని తొందర లేదు. జోకరు బాణములు ఊరి భూస్వామియగు మాలగుజారుపైనను వడ్డీవ్యాపారిపైనను పడెడివి. 1930లలో సుఖరాం, సీతారాం అను నాచా నటులు కల్పించిన ‘పోంగా పండిత్’ అస్పృశ్యతను నవ్వులపాలు చేసినది. ఆ నవ్వు అరువదియేండ్లకును వాడి తగ్గనిదై, 1990లలో నాటకప్రయోక్త హబీబ్ తన్వీర్ బృందము ప్రదర్శించినప్పుడు పెక్కుచోట్ల నల్లరులకు కారణమయ్యెను.

మదన్ నిషాద్, లాలూరాం, ఠాకూర్‌రాం వంటి జోకర్ల యెదుట కూర్చుండినవారికి కథ క్రొత్తది కాదు. ఎఱిగిన మనిషి ఎఱిగిన కథను ఈ రాత్రి యెట్లు మలుపు త్రిప్పునో యనునదే వారి యాతురత. తూర్పు భాగవతమునందు సత్యభామ వేషము వేసినవాడెవడో తెలిసియు తెల్లవార్లు కూర్చుండిన యలవాటుగల ఉత్తరాంధ్రుడు, ఛత్తీస్‌గఢీ పట్టువడకమునుపే నాచాలో నవ్వియుండునని నా యూహ. రాయపూరున జన్మించిన హబీబ్ తన్వీర్ 1958లో ఆరుగురు నాచా నటులను ఢిల్లీకి గొనిపోయి మృచ్ఛకటికము నాడించెను. ‘చరణదాస్ చోర్’ తొలిరూపమును 1970ల నడుమ భిలాయిలోనే, ఆరుబయట, సత్నామీ శాఖవారి జనసమూహము నెదుట పరీక్షించిచూచెను. 1982లో ఎడింబరోలో బహుమతి నందినది ఆ నాటకమే.

నాటకము పూర్తిరూపము దాల్చిన 1975లోనే ఆగస్టు 1న ఉపగ్రహ టెలివిజను ప్రయోగము మొదలై, ఆఱు రాష్ట్రములలో 2400 గ్రామములకు తెర చేరెను. రాయపూరు ప్రాంతపు పల్లెలును వానిలో నున్నవి. ఏడాదికే యది ముగిసినను దూరదర్శన్ నిలిచెను. 1989లో జస్పాల్ భట్టీ ‘ఫ్లాప్ షో’ లంచగొండి కచేరీలను నవ్వులపాలు చేయుచు వచ్చెను. 1995లో ఈటీవీ పుట్టి, ఉపగ్రహమార్గమున ప్రవాసాంధ్రుని యింటికి తెలుగు హాస్యమును మోసికొనివచ్చెను.

‘జబర్దస్త్’లో నాచా పోలికలు వెదకనక్కరలేదు: లీడరు పేరిట మేళము, స్త్రీవేషధారులగు పురుషులు, వారము వారమునకు వేషము మాఱినను మాఱని ముఖములు. భేద మొక్కచోట నున్నది. గమ్మతును నిలుపుటయు కూల్చుటయు ఎదుటనున్న జనము చేతిలోనిది. ఇచ్చట జడ్జిల నవ్వును నడుమ నడుమ చూపి, ఇది నవ్వవలసిన చోటని మనకు తెలుపుదురు. జోకరు మాలగుజారును గుఱిచూడగా, టీవీ స్కిట్టు తఱచు భార్యమీదికిని, పొట్టివాని మీదికిని, నల్లని మేనిమీదికిని పోవును. అది నా కెన్నడును రుచింపలేదు. అయినను చూచితిని.

2019లో నాగబాబును, మంత్రియై 2022లో రోజాయు జడ్జిపీఠములు విడిచిరి, టీములు చీలినవి. మునుపటి పస లేదని పాత రసికులు గొణుగుచున్నారు. సినిమాపాట చొరబడినప్పుడు నాచాభిమానులు గొణిగినదియు నిట్టిదే. అట్టి గొణుగుడువారు 2023లో నొకమారు పొంగిపోయిరి. వారెఱిగిన టీములీడరు ఎల్దండి వేణు ‘బలగం’ చిత్రమునకు దర్శకుడై, దాని పతాకసన్నివేశమున కథను తాను చెప్పక, పల్లెలలో కథాగానముచేసెడి మొగిలయ్య, కొమురమ్మ దంపతుల నోట చెప్పించెను.